చెవికి అందని గుర్తులు

తిరువనంతపురంలో శ్రీకార్యం దాటాక, ఇంజనీరింగ్ కాలేజీకి పోయే రోడ్డులో ఉంటుంది మా ఆఫీసు. బయట బోర్డు చూసి జిరాక్స్ షాపనుకుని లోపలికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మేము చేసేది కంపోజింగ్. ఏయే దేశాల ప్రొఫెసర్లో రాసిన లెక్కల పుస్తకాలు మా దగ్గరికి ముడిసరుకుగా వస్తాయి. వాటిని పేజీలుగా కూర్చి పంపుతాం. ఈప్పన్ సార్ ఆ ఆఫీసు తెరిచిన రోజు నుంచి అక్కడ పనిచేశారు. నా కుర్చీ ఆయన పక్కన.

మేము వాడే పద్ధతి పేరు టెక్. అక్షరాలతో పాటు ఆజ్ఞలు కూడా టైపు చెయ్యాలి. ఇక్కడ భిన్నం, ఇక్కడ వర్గమూలం, ఈ అంకె చిన్నదై పైకెక్కాలి, ఆ అక్షరం కిందికి దిగాలి అని. తెర మీద చూస్తే అదంతా కోడి కెలికిన పేడకుప్పలా ఉంటుంది. నడిపించాక మాత్రం ఇస్త్రీ చేసిన చొక్కా లాంటి పేజీ బయటికి వస్తుంది. ఆ పేజీని ఈప్పన్ సార్ చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, కళ్ళు సగం మూసి చూసేవారు.

"చదవకు శ్యామళే, ఊరికే చూడు. నలుపెక్కడైనా ముద్దకట్టిందా? తెలుపెక్కడైనా కాలవ కట్టిందా?"

చదవమన్నా మాకు రాదు. ఆ గుర్తులకు అర్థం మాలో ఎవరికీ తెలియదు. నేను బీకామ్. పక్క వరసలో పుష్పలత హోటల్ మేనేజ్‌మెంట్ చదివి వచ్చింది. ఈప్పన్ సార్ ఒక్కరే లెక్కల బీఎస్సీ. ఎమ్మెస్సీలో చేరి, తండ్రి పోవడంతో మధ్యలో మానేశారు. జీవితమంతా ఎవరి ఇంటికో అందంగా తలుపులు చెక్కి, లోపలికి మాత్రం ఎప్పుడూ వెళ్ళని వడ్రంగిలా ఉందని ఒకసారి భోజనాల దగ్గర అన్నారు. ఆయన అలాంటి మాటలు తరచుగా అనే మనిషి కాదు కనుక నాకు గుర్తుండిపోయింది.

రిటైరయ్యాక ఆయన మొదలుపెట్టిన పని అదే. మేమందరం రోజూ వేళ్ళతో కూర్చే గుర్తులకు అర్థమేమిటో, ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క అధ్యాయం చొప్పున, మలయాళంలో రాసి సొంత సైటులో పెట్టడం. మాలాంటి వాళ్ళకోసం. ఇంగ్లీషులో ఇలాంటివి కావలసినన్ని ఉన్నాయి, మలయాళంలో లేవని ఆయన పట్టుదల.

ఏ రూపంలో పెట్టాలన్న ప్రశ్నే అప్పుడు రాలేదు. టెక్‌లో కూర్చి పీడీఎఫ్‌గా పెట్టారు. చేప ఈత గురించి ఆలోచిస్తుందా? మేము మధ్యాహ్నం ఫోన్లలో తెరిచి, వేళ్ళతో పెద్దది చేసుకుని, అటూ ఇటూ జరుపుకుంటూ చదివేవాళ్ళం. విసుగ్గానే ఉండేది. అయినా పేజీ అంత ముద్దుగా ఉంటే ఎవరికి నోరొస్తుంది?

సైటులో పెట్టకముందు ప్రతి అధ్యాయాన్నీ ఒకరు చదివి తీరాలి. ఆయన ఉణ్ణిత్తాన్ సార్. ఈప్పన్ సార్ కాలేజీ స్నేహితుడు, ఉళ్ళూరులో ఒక ట్యుటోరియల్ కాలేజీలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవారు. పెద్ద గొంతు, చిన్న మనిషి. శనివారం పొద్దున ఈప్పన్ సార్ ప్రింటు తీసిన కాగితాలు పట్టుకుని ఉణ్ణిత్తాన్ సార్ ఇంటి అరుగు మీదికి వెళ్ళేవారు. మేమంతా చేచ్చి, అంటే అక్క, అని పిలిచే ఆయన భార్య తంకమణి పాలు లేని కట్టంచాయ, అరటిపండు బజ్జీలు తెచ్చి పెట్టేది. ఉణ్ణిత్తాన్ సార్ ఎర్ర పెన్ను మూత పళ్ళతో తీసేవారు.

నేనూ రెండు మూడుసార్లు వెళ్ళాను. 'ఎడో' అనే పిలుపుతో, అంటే ఒరేయ్‌తో మొదలయ్యే ఆ తిట్లు వినడానికి వెళ్ళాలనిపించేది.

"ఎడో ఈప్పా, సున్నాతో భాగించావు. మీ చర్చిలో దీనికి పాపపరిహారం ఏమైనా ఉందా?"

"ఎక్కడ?"

"ఇదిగో. నీ అందమైన పేజీలో, అందమైన గీత కింద, అందంగా కూర్చున్న సున్నా."

"అక్కడ ఎక్స్ సున్నా కాకూడదని పైన రాశాగా."

"పైన రాశావు, కింద మర్చిపోయావు. నీ పెళ్ళప్పుడు కూడా ఇంతే."

ఈప్పన్ సార్ నవ్వుతూ తల గోక్కునేవారు. తప్పు దొరికిన శనివారం ఉణ్ణిత్తాన్ సార్ మరో బజ్జీ ఎక్కువ తినేవారు. దొరకనప్పుడు కాగితాలు తిప్పి తిప్పి చూసి, "కామా లేదు ఇక్కడ" అని ఏదో ఒకటి పట్టుకునేవారు.

ఉణ్ణిత్తాన్ సార్ కళ్ళ సంగతి మొదట కనిపెట్టింది తంకమణి చేచ్చి. బజ్జీ ప్లేటు ఎడమవైపు పెడితే ఆయన చెయ్యి వెతుక్కుంటోంది. ఆసుపత్రిలో నీటికాసులన్నారు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టడానికి చూద్దామన్నారు. చుక్కలు వేశారు, ఆపరేషన్ చేశారు. చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చింది.

ఈప్పన్ సార్ చెయ్యగలిగింది ఆయన చేశారు. అక్షరాలు పెద్దవి చేశారు. అవీ చాలకపోతే ఇంకా పెద్దవి. మాటల వరకు బాగానే ఉంది. సూత్రాలు మాత్రం వరసలో పట్టక విరిగిపోయేవి. సమానం గుర్తు ఒక వరసలో, దాని కుడిపక్క కింద ఎక్కడో. పెద్ద కాగితం మీద అడ్డంగా ప్రింటు తీశారు. అప్పుడు ఉణ్ణిత్తాన్ సార్‌కి సూత్రమంతా ఒకేసారి కనిపించేది కాదు. గొట్టంలోంచి చూసినట్టు ఒక ముక్క చూసి, తల తిప్పి ఇంకో ముక్క చూసి, మొదటి ముక్క మర్చిపోయి మళ్ళీ వెనక్కి.

ఒక శనివారం ఆయన కాగితాలు మడిచి పక్కన పెట్టారు. ఎర్ర పెన్ను మూత తియ్యనే లేదు.

"బాగుంది ఈప్పా. పెట్టెయ్ సైటులో."

తప్పులేమీ లేవనడం ఆయన నోటి నుంచి అదే మొదటిసారి. ఈప్పన్ సార్ బస్సెక్కకుండా ఇంటిదాకా నడిచి వెళ్ళారట. శోశామ్మ ఆంటీ, ఆయన భార్య, తర్వాత నాకు చెప్పింది. ఇంటికి రాగానే ఆ కాగితాలు ఆమె ముందు పరిచి, "ఇందులో కనీసం నాలుగు తప్పులున్నాయి, నేనే చూశాను దారిలో" అని కూర్చున్నారట.

మర్నాటి నుంచి ఆయన తానే వెళ్ళి చదివి వినిపించడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే ఉణ్ణిత్తాన్ సార్ వద్దన్నారు.

"నువ్వు చదివితే నీ నడకలో నేను నడవాలి. లెక్క అలా కాదెడో. ఒక గీత దగ్గర అరగంట కూర్చోవాలి నేను. రెండు వరసలు వెనక్కి పోవాలి, మళ్ళీ రావాలి. ప్రతిసారీ నిన్ను అడగాలా? వెనక్కి వెళ్ళు ఈప్పా, ముందుకు రా ఈప్పా అని? నేనేమైనా బండికి కట్టిన ఎద్దునా?"

"అడిగితే ఏమైంది?"

"నాకైంది."

ఆయనకు ఫోనులో చదివే గొంతు అలవాటైంది అప్పటికే. తెర మీద వేలు జరిపితే వరస వరసగా చదువుతుంది. వెనక్కి జరిపితే వెనక్కి. పేపరు, వాట్సాప్ కబుర్లు అన్నీ అలాగే వినేవారు. ఈప్పన్ సార్ అధ్యాయాన్ని కూడా అలాగే వింటానన్నారు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని పీడీఎఫ్ తెరిచారు.

ఆ గొంతు ఏం చదివిందో ఈప్పన్ సార్ ఆఫీసుకొచ్చి నాకు వినిపించారు. మలయాళం ఒత్తులన్నీ ఊడిపోయి, మాటలు తుమ్ములూ దగ్గులూ అయ్యాయి. భిన్నం వస్తే పైనున్నది ఒకచోట, కిందున్నది వేరే పేరాలో. వర్గమూలం గుర్తు దగ్గర ఏమీ అనకుండా దూకేసింది. కంటికి అంత నీటుగా ఉన్న పేజీ లోపల ఏ క్రమమూ లేదు. ఏ అక్షరం ఏ మూల కూర్చోవాలో తప్ప, ఏది దేని తర్వాతో ఆ పేజీకి తెలియదు.

"ఇన్నేళ్ళూ నేను బొమ్మలు గీశాను శ్యామళే" అన్నారు. "పేజీలనుకున్నాను."

నేను టీ తెప్పించాను.

అప్పుడు మొదలైంది ఏ రూపంలో రాయాలన్న వెతుకులాట. టెక్ వాడేవాళ్ళ గుంపు ఒకటి ఉంది నెట్‌లో. ఈప్పన్ సార్ అందులో వినయంగా ఒక ప్రశ్న రాశారు. చూపు లేని మిత్రుడు, మలయాళం, లెక్కలు, ఏం చెయ్యమంటారని. పీడీఎఫ్ మానేసి వెబ్ పేజీ చెయ్యమన్నారు ఒకరు. వెబ్ పేజీ పదేళ్ళుండదు, పీడీఎఫ్‌లోనే లోపల క్రమం గుర్తులు పెట్టాలన్నారు ఇంకొకరు. అసలు టెక్కే పాతబడింది, కొత్తది నేర్చుకోమని మరొకరు. పాతబడింది మీ బుర్ర అని దానికి జవాబు. సాయంత్రానికి వాళ్ళలో వాళ్ళే తిట్టుకుంటున్నారు. ఈప్పన్ సార్ ప్రశ్న ఎక్కడో అడుగున ఉండిపోయింది. ఆయన అన్నీ ఓపిగ్గా చదివి, అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పారు.

చివరికి వెబ్ పేజీయే చేశారు. సూత్రాలను బొమ్మలుగా కాకుండా, ఏది లవం, ఏది హారం, ఏది ఘాతం అని చెప్పే పద్ధతిలో రాశారు. పరీక్షగా మొదటి అధ్యాయాన్ని ఇంగ్లీషులోకి మార్చి వినిపించారు. గొంతు మంచినీళ్ళు తాగినట్టు చదివింది. ఎన్‌వ ఘాతం అంది, భిన్నం మొదలు అంది, భిన్నం అయిపోయింది అంది. ఉణ్ణిత్తాన్ సార్ వేలు వెనక్కి జరిపారు, ముందుకు జరిపారు, ఒకచోట ఆగారు.

"పలుకుతోందెడో!"

ఈప్పన్ సార్ కళ్ళు తుడుచుకుంటూ, అన్ని అధ్యాయాలూ ఇంగ్లీషులోకి మార్చేస్తానన్నారు. ఉణ్ణిత్తాన్ సార్ ఫోను ఒళ్ళో పెట్టుకున్నారు.

"వద్దు."

"ఎందుకు?"

"ఇంగ్లీషులో చదవడానికి నాకు నువ్వెందుకు? లోకంలో ఉన్న ప్రొఫెసర్లంతా ఉన్నారు. 'సున్నా అంటే ఖాళీ కుర్చీ, కుర్చీ లేకపోవడం కాదు' అని మన భాషలో రాశావు చూడు, అది నాకు కావాలి. నీ ఇంగ్లీషు వింటుంటే కరెంటాఫీసు నోటీసు విన్నట్టుంది."

తిట్టే కానీ, ఆయన పుస్తకాన్ని మెచ్చుకోవడం కూడా అదే మొదటిసారి. ఈప్పన్ సార్ మలయాళానికే తిరిగి వచ్చారు. మలయాళం చదివే గొంతుకు లెక్కలు రావు. లెక్కలు వచ్చిన గొంతుకు మలయాళం రాదు. ఇద్దరినీ ఒకే పేజీలో కూర్చోబెట్టడానికి ఆయన నెలల తరబడి పాట్లు పడ్డారు. వరస మధ్యలో గొంతు మారేది. మారేటప్పుడు రెండు మాటలు మింగేసేది. చివరికి ఏదో సర్దుబాటు కుదిరిందని, ఇక వినొచ్చని కబురు పంపారు.

ఆ తర్వాత ఒకరోజు నేను ఈప్పన్ సార్ ఇంట్లో ఉండగా ఫోను వచ్చింది. ఉణ్ణిత్తాన్ సార్ గొంతు స్పీకరు లేకుండానే వంటింటిదాకా వినబడుతుంది.

"ఎడో! పట్టుకున్నాను! ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది కలిపితే ఎంత?"

"పదిహేను."

"నీ సూత్రంలో ఏడొస్తోంది! రెండు ఎన్ మైనస్ ఒకటి అని రాశావు. ఎన్ నాలుగైతే ఏడు. ఎన్‌ని రెండు నెత్తి మీద పెట్టాల్సింది, పక్కన కూర్చోబెట్టావు. రిటైరై చెయ్యి మొద్దుబారిందా?"

ఈప్పన్ సార్ ముందున్న తెర మీద ఎన్ రెండు నెత్తి మీదే ఉంది. చిన్నదిగా, సరిగ్గా ఉండాల్సిన ఎత్తులో. గొంతుకు నెత్తీ పక్కా తేడా తెలియలేదు, అంతే. ఆయన నోరు తెరిచారు. అవతల ఉణ్ణిత్తాన్ సార్, "తంకమణీ, విన్నావా, ఈప్పన్ తప్పు పట్టాను" అని కేకేస్తున్నారు. ఆ గొంతులో అంత సంతోషం విని చాలాకాలమైంది.

"అవును ఉణ్ణిత్తానే. జారిపోయింది. దిద్దేస్తాను" అన్నారు ఈప్పన్ సార్.

ఫోను పెట్టేశాక నా వైపు చూడలేదు. శోశామ్మ ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి, భర్తను ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే అంది: "ఏం అచ్చాయా, నిజంగా తప్పేనా?"

"కాదు."

"మరి?"

ఆయన ఆ వరసను గొంతు చేత మళ్ళీ చదివించుకున్నారు.

ఆ వారంలో మరో తప్పు పట్టారు ఉణ్ణిత్తాన్ సార్, తర్వాత ఇంకొకటి. ఒకటి వర్గమూలం గీత ఎంతవరకు కప్పిందో గొంతు చెప్పకపోవడం, ఇంకొకటి బ్రాకెట్టు మింగేయడం. రెండింటికీ ఈప్పన్ సార్ దిద్దుతానన్నారు. నిజమే, ఆ రాత్రులు కూర్చుని గొంతు చేత సరిగ్గా పలికించడానికి తంటాలు పడ్డారు. అది పలకలేదు.

శనివారం ఈప్పన్ సార్ వెళ్ళేసరికి ఉణ్ణిత్తాన్ సార్ అరుగు మీద ఫోను చేతిలో పట్టుకుని ఉన్నారు.

"దిద్దానన్నావు."

"ఆ."

"పొద్దున మళ్ళీ విన్నాను. ఏడే వస్తోంది."

ఈప్పన్ సార్ కూర్చున్నారు. అబద్ధం ఎంతకాలం మోయగలరు? ప్రతిసారీ అదే గొంతు అదే మాట చదువుతుంటే!

"పేజీలో సరిగ్గానే ఉంది ఉణ్ణిత్తానే. మొదటి నుంచీ సరిగ్గానే ఉంది. అది చదవడమే అలా చదువుతోంది."

"మిగతా రెండూ?"

"అవీ అంతే."

లోపల మిక్సీ తిరుగుతున్న చప్పుడు. తంకమణి చేచ్చి టీ తెచ్చి పెట్టి, ఇద్దరి మొహాలూ చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

"నా చేతికి గిలక్కాయ ఇచ్చావు" అన్నారు ఉణ్ణిత్తాన్ సార్. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఈప్పన్ సార్ నాతో అన్నారు.

ఆ రోజు తర్వాత తప్పులు చెప్పడానికి ఫోను రాలేదు. నిజంగా తప్పులున్నా సరే. గొంతుదో, ఈప్పన్‌దో, తనదో ఆయనకెలా తెలుస్తుంది? తెలియనప్పుడు నోరెత్తే మనిషి కాదు ఆయన.

ఈప్పన్ సార్ మరో దారి పట్టారు. ప్రతి సూత్రం వెనకాల, కంటికి కనబడకుండా, దాన్ని మాటల్లో చెప్పే ఒక మలయాళ వాక్యం దాచడం. మేము చూస్తే గుర్తులు. గొంతుకు మాత్రం వాక్యం. వినడానికి బాగుంది. మా ఆఫీసు కుర్రవాళ్ళు ఆ వాక్యాలను కంప్యూటరు చేతే రాయించి చూశారు. మన భాషలో మూడింట రెండు అంటాం కదా, కిందిది ముందు, పైది తర్వాత. కంప్యూటరు ఇంగ్లీషు అలవాటులో పైది ముందు చెప్పి, ఏది దేనిలో భాగమో తలకిందులు చేసింది. ఇక చేత్తోనే రాశారు ఈప్పన్ సార్, ఒక్కొక్కటీ.

ఉణ్ణిత్తాన్ సార్ విని, మర్యాదగా చెప్పారు. ఆ మర్యాదకే మాకు భయం వేసింది.

"బాగానే ఉంది ఈప్పా. కాకపోతే, పొడుగు సూత్రాన్ని అది ఒక్క ఊపిరిలో చదివేస్తుంది. మధ్యలో ఆగదు. ఆపితే మళ్ళీ మొదటికి. నాకు నడుముదగ్గర ఆగాలి, అది కాళ్ళ నుంచి తలదాకా ఒకే దౌడు."

దాచిన వాక్యాన్ని ముక్కలు చెయ్యడం కుదరదు. ముక్కలు కావాలంటే మాటలు పైకే రాయాలి. పేజీ మీద, అందరికీ కనబడేలా, చిన్న చిన్న వాక్యాలుగా. రెండును తీసుకో. దాన్ని ఎన్ సార్లు రాసి, అన్నిటినీ గుణించు. వచ్చినదాంట్లోంచి ఒకటి తీసెయ్. ఇలా.

మూడో అధ్యాయాన్ని ఈప్పన్ సార్ అలా తిరగరాశారు. ఉణ్ణిత్తాన్ సార్ ఒక పొద్దంతా దానితో కూర్చున్నారు. ముందుకూ వెనక్కూ జరుపుకున్నారు. సాయంత్రం ఫోను చేసి, "ఆరో పేరాలో ఎన్ మొదలయ్యేది ఒకటి నుంచా, సున్నా నుంచా? అక్కడొకటి, ఇక్కడొకటి రాశావు" అన్నారు. అది నిజం తప్పే. ఈప్పన్ సార్ పేజీ చూసి, మళ్ళీ చూసి, "తప్పే, ఒట్టు, ఈసారి నిజంగా తప్పే" అన్నారు. అవతల చాలాసేపు నవ్వు వినబడింది.

దాంతో కథ బాగుపడిందనుకున్నాం. కానీ ఆ మూడో అధ్యాయం ఆఫీసులో మా ఎవరికీ ఎక్కలేదు.

"ఇదేంటి చేచ్చీ, పంచాయతీ నోటీసులా ఉంది?" అంది పుష్పలత. "గుర్తుల గురించి చెప్తానని గుర్తులే తీసేశారు!"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. కంటికి ఒక్క చూపులో అందేది, ఇప్పుడు పేజీ పొడుగునా పాకుతోంది. ఎవరి కోసమని మొదలుపెట్టారో ఆ మేమే చదవడం మానేశాం. నేను ఈ సంగతి ఆయనకు మెల్లగా చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను, ఆయనే అడిగారు కనుక.

"రెండూ ఉంచుతాను" అన్నారు. "గుర్తులది మీకు. మాటలది వాడికి."

రెండు ఉంచడమంటే రెండుసార్లు రాయడం. గుర్తుల అధ్యాయం ఆయనకు పది రోజుల పని. దాన్ని మాటల్లోకి మార్చడం నెల దాటేది. సూత్రం ఎంత చిక్కనైతే మాటలు అంత పొడుగు, ఎక్కడ విరగ్గొట్టాలో తేల్చడానికే గంటలు. ఒకదాంట్లో తప్పు దిద్దితే రెండోదాంట్లో మర్చిపోయేవారు. నాలుగో అధ్యాయంలో గుర్తుల ప్రతి ఒక జవాబు చెప్తే, మాటల ప్రతి ఇంకోటి చెప్పింది. ఎవరో పాఠకుడు కొట్టాయం నుంచి కోపంగా రాశాడు, ఏది నమ్మాలని. ఈప్పన్ సార్‌కి అరవై తొమ్మిదేళ్ళు. మెడ నొప్పి. శోశామ్మ ఆంటీ కొబ్బరినూనె వేడిచేసి రాస్తూ అనేది:

"ఇన్నేళ్ళు తెల్లవాళ్ళ కంటి కోసం కూర్చున్నారు. ఇప్పుడు ఉణ్ణిత్తాన్ సార్ చెవి కోసం. మీ మెడ కోసం ఎప్పుడు కూర్చుంటారచ్చాయా?"

"ఈ ఒక్క అధ్యాయం కానీ శోశే."

గుర్తుల ప్రతి తొమ్మిదో అధ్యాయానికి చేరింది. మాటల ప్రతి నాలుగు దగ్గర ఉంది. ఆ దూరం తగ్గదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. తొమ్మిదో అధ్యాయం సిగ్మా గురించి. ఇది మొదలు అది వరకు అన్నీ కలుపు అని ఒకే గుర్తులో చెప్పేది. మేము రోజుకు వందసార్లు కూర్చే గుర్తు. ఆయన దాన్ని రాసి మాకు పంపిన రోజున పుష్పలత కుర్చీలోంచి లేచి, "ఓ, ఇదా!" అని అరిచింది. ఆయన రాసిన వాటిలో అంత బాగా వచ్చినది ఇంకోటి లేదు. దాన్ని సైటులో మాత్రం పెట్టలేదు.

"వాడు ఐదులో కూడా లేడు" అన్నారు.

వానాకాలం మొదట్లో నేనూ ఆయనా ఉళ్ళూరు వెళ్ళాం. ఉణ్ణిత్తాన్ సార్‌కి అప్పటికి వెలుతురూ చీకటీ తేడా తప్ప మరేమీ మిగల్లేదు. అరుగు మీద అదే కుర్చీ. తంకమణి చేచ్చి గ్లాసు ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, వేడిగా ఉందని చెప్పి వెళ్ళింది.

"పుష్పలత అరిచిందట కదా" అన్నారు ఉణ్ణిత్తాన్ సార్.

"ఎవరు చెప్పారు?"

"శ్యామళ. ఫోనులో. సైటులో ఎందుకు పెట్టలేదు?"

"పెడతాను."

"నాకోసం ఆపావా? ఎడో, పిచ్చిపని చెయ్యకు. గుర్తులది రాసుకుంటూ పో. నాది వదిలెయ్."

"వదలను."

"వదలకుండా ఏం చేస్తావు? నువ్వు నడుస్తావా, నన్ను ఎత్తుకుంటావా? రెండూ చేసి మోకాళ్ళు విరగ్గొట్టుకుంటున్నావు."

ఈప్పన్ సార్ మెడ రుద్దుకున్నారు.

"సరే, తొమ్మిదో దాంట్లో ఏముందో చెప్పు. ఊరికే నోటితో చెప్పు. పుష్పలత అరిచిన చోటు."

ఈప్పన్ సార్ చెప్పడం మొదలుపెట్టారు. మెట్లు, మెట్టుకొక గుప్పెడు వడ్లు అంటూ బాగానే మొదలుపెట్టారు. గుర్తు దగ్గరికి వచ్చేసరికి తడబడ్డారు. ఆ అధ్యాయంలో కిటుకంతా ఆ గుర్తు ఆకారంలోనే ఉంది. కింద ఏది కూర్చుంది, పైన ఏది కూర్చుంది, కన్ను కింది నుంచి పైకి ఎలా ఎక్కుతుంది అన్నదాంట్లో. ఆయన ఉణ్ణిత్తాన్ సార్ అరచెయ్యి లాక్కుని, వేలితో గీశారు.

"ఇది సిగ్మా."

"తెలుసు. చక్కిలిగిలి పెట్టకు."

"దీని కింద ఇది."

"ఏది?"

మళ్ళీ గీశారు.

"ఏదో గోకావు. అంకెనా, అక్షరమా?"

"అక్షరం. సమానం. అంకె."

"మూడూ ఇంత చోటులోనా? మళ్ళీ గియ్యి."

గీశారు. మళ్ళీ గీశారు. ఉణ్ణిత్తాన్ సార్ మొహం చిట్లించి, తల ఒక పక్కకు వంచి, పరీక్ష హాల్లో కుర్రాడిలా ప్రయత్నించారు. తర్వాత మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"పోనీలే ఈప్పా. ఆ గుర్తు నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు చెప్పాను. నువ్వు దాని గురించి ఏమన్నావో అది తెలుసుకోవాలనిపించింది, అంతే."

వాన జల్లు అరుగు మీదికి కొట్టింది. నేను లేచి కుర్చీ లోపలికి జరపబోతే, వద్దు, తడవనీ అన్నారు.

తొమ్మిదో అధ్యాయం నా ఫోనులో ఉంది. సైటులో గుర్తుల ప్రతి ఎనిమిది దగ్గర, మాటల ప్రతి నాలుగు దగ్గర ఆగి ఉన్నాయి. ఈప్పన్ సార్ రోజూ పొద్దున్నే ఐదో అధ్యాయాన్ని మాటల్లో రాస్తున్నారని శోశామ్మ ఆంటీ చెప్తుంది. రాసినదాన్ని సాయంత్రం చెరిపేస్తున్నారని కూడా.